ఆరవవాడు ఎక్కడ?

ధ్యానించుటకు వాక్యభాగములు: మార్కు 2:1–12, లూకా 15:3–7, 1 కొరింథీయులకు 9:24–27



ఈ నెల నేను వ్రాయు సంగతి నా తప్పిదముతో ప్రారంభమగుచున్నది. కాపరి తన తప్పు బయట పెట్టుకొనిన యెడల మంద చెదరునని కొందరందురు. తప్పు దాచుకొనిన కాపరి వెంట మంద ఎంతదూరము నడచును? కాబట్టి జరిగినది జరిగినట్లే వ్రాయుచున్నాను. ఇందులోని యౌవనస్థుడు పేరు చెప్పకుండ వ్రాయుటకు ఒప్పుకొనినాడు.

చిత్తూరు నుండి తిరుపతికి పోవు మార్గమునకు ప్రక్కగా, మామిడి తోపుల నడుమ మా పల్లె ఉన్నది. చెరువు కట్ట క్రింద కొంత బీడు భూమి కలదు. అక్కడ పిల్లలు రెండు సవుకు గుంజలు నాటి, వల కట్టి, సున్నముతో గీతలు గీచి, ప్రతి సాయంకాలము వాలీబాల్ ఆడుదురు. మన వాడ పిల్లలు, ఊరి పిల్లలు, సాయిబుల ఇంటి కుర్రవాడొకడు, అందరు కలిసి ఆడుదురు. ఆదివారము సాయంకాలము కూడ ఆడుదురు.

ఆ ఆటను గూర్చి నేను ప్రసంగపీఠము నుండి రెండు మారులు గట్టిగా మాటలాడితిని. దేహసాధన వలన కలుగు లాభము స్వల్పమని పౌలు తిమోతికి వ్రాసిన మాట (1 తిమోతి 4:8) చూపించి, ప్రార్థన కూటమునకు రాని కాళ్లు బంతి వెనుక పరుగెత్తుచున్నవని గద్దించితిని. అది సాతాను బంతి అని నోట అనలేదు గాని, వినువారికి ఆ మాట ఒక్కటే తక్కువైనది.

మన సంఘములో ఒక విధవరాలి కుమారుడున్నాడు. ఇరువదినాలుగేండ్ల వాడు. చెరువు క్రింది మడి విషయమై అన్నతో తగవుపడి, రెండేండ్లుగా అతనితో మాట లేదు. ఆ తగవు తరువాత దేవాలయమునకు రాక తగ్గెను. పిమ్మట మూడు నెలలు బొత్తిగా రాలేదు. కాని ఆటకు మాత్రము తప్పక పోయెడివాడు. మామిడికాయలు కోయు కాలములో ఒకనాడు చెట్టు కొమ్మ విరిగి క్రింద పడగా, అతని కాలి యెముక విరిగెను. ఆటలోని స్నేహితులే వ్యాను మాట్లాడి, తల్లిని కూడ ఎక్కించుకొని, పుత్తూరు తీసికొనిపోయి కట్టు కట్టించిరి. పుత్తూరు కట్టు మన ప్రాంతములో ఎరుగనివారు లేరు గదా. తరువాత అతడు వారములకొలది మంచము దిగకూడదనిరి.

ఇంటిలో ఒక ఆవు ఉన్నది. ఆ ఇంటికి ఆ పాలే ఆధారము. తల్లికి చేతులు వణకును, పిండలేదు. ఆ ఆటగాండ్లు వంతులు వేసికొని, తెల్లవారుజామున ఒకడు వచ్చి పాలు పిండి కేంద్రమునకు పోసి వచ్చుచుండెను. సాయంకాలము మరియొకడు గడ్డి కోసికొని వచ్చుచుండెను. ఆ వంతులలో ఊరి పిల్లలును ఉండిరి. వారిలో ఇద్దరు మన వాడలోని ఇంటి గడప దాటి లోపలికి వచ్చుట అదే మొదటిసారి.

నేను ఆ ఇంటికి ఎప్పుడు పోయితినో చెప్పెదను. పందొమ్మిదవ దినమున. మా ఇంటికిని ఆ ఇంటికిని మధ్య నాలుగు వీధులే.

"ఏమిరా అబ్బీ, నాకొక మాట చెప్పి పంపకూడదా?" అంటిని.

అతడు కొంతసేపు ఇంటికప్పు వైపు చూచి, మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, కోపం చేసుకోవద్దండి. మా ఆటకు ఆరు మంది కావల్ల. ఒకడు రాకుంటే ఆట నిలబడిపోతాది. అప్పుడే ఎవడో ఒకడు సైకిలెక్కి వాడింటి కాడికి పోతాడు, ఏమైందిరా అని. నేను గుడికి మూడు నెలలు రాలేదు. గుడిలో ఏం నిలబడింది?"

ప్రియులారా, నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ మూడు నెలలు మన పాట నిలువలేదు. ప్రసంగము నిలువలేదు. కానుక సంచి ఒక వరుసను దాటి మరియొక వరుసకు పోయెను. వాని చోటు ఖాళీగా ఉన్నదని కూడ తెలియలేదు, ఏలయనగా మనము ఎన్నడును వానిని లెక్కించలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను నిందించిన ఆ ఆట ఏ వంశమునకు చెందినదో ఆలోచింపగా మరింత సిగ్గు కలిగెను. 1844వ సంవత్సరమున లండను నగరములో జార్జి విలియమ్సు అను బట్టల అంగడి ఉద్యోగి, తనవలెనే పల్లెలు విడిచి పట్టణములో ఒంటరిగా నున్న యౌవనస్థుల కొరకు, ప్రార్థనకును వాక్యపఠనమునకును ఒక చిన్న కూటము నారంభించెను. అదియే నేడు వై.యం.సి.ఏ. అని లోకమంతట పిలువబడు క్రైస్తవ యువజన సంఘము. కొంతకాలమునకు ఆ సంఘమువారు, యౌవనస్థునికి ఆత్మతో పాటు దేహమును ఉన్నదని గుర్తించి, తమ మందిరములలో వ్యాయామశాలలు కట్టించిరి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడైన జేమ్సు నైస్మిత్తు బాస్కెట్‌బాల్ కనిపెట్టెను. ఆయన కెనడా దేశమున దైవవిద్య నభ్యసించినవాడే. నాలుగేండ్లకు, అనగా 1895లో, దగ్గరలోని హోలియోకు ఊరి వై.యం.సి.ఏ.లో విలియము మోర్గను అను వ్యాయామాధ్యక్షుడు, దినమంతయు పని చేసి వచ్చిన నడివయస్సు వారికి బాస్కెట్‌బాల్ కష్టముగా ఉన్నదని చూచి, ఒకరినొకరు తాకి త్రోసికొనకుండ వలకు ఇరువైపుల నిలిచి ఆడు ఆటను కల్పించెను. అదే వాలీబాల్. బలహీనుల యెడల ఒకడు ఆలోచన చేసినందున పుట్టిన ఆట అది.

మన దేశమునకు కూడ ఈ ఆటల శిక్షణ ఎక్కువగా ఆ త్రోవనే వచ్చినది. 1920లో హారీ క్రో బక్ అను ఆయన మదరాసులో వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. మన చిత్తూరు జిల్లా 1953 వరకు మదరాసుతోనే కూడియుండెను. ఆ కళాశాలలో తర్ఫీదు పొందినవారు పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులైరి. మన తాతలు వారిని డ్రిల్లు మాస్టరు అని పిలిచిరి. కాబట్టి సంఘమే ఒకప్పుడు తన చేతులతో విత్తిన విత్తనము చెరువు కట్ట క్రింద మొలచియుండగా, నేను దానిని కలుపు మొక్క అనుకొని పీకబోతిని.

ఆ ఆట నియమములు కూడ ఆలోచింపదగినవి. ఒక జట్టు బంతిని మూడు దెబ్బలలోగా అవతలికి పంపవలెను. ఒకడే వరుసగా రెండుసార్లు కొట్టరాదు. ఎంత బలాఢ్యుడైనను తన చేతికి వచ్చిన బంతిని తోటివానికి అందింపవలసినదే. సాధారణముగా వెనుకవాడు ఎత్తును, నడిమివాడు నిలుపును, ముందువాడు కొట్టును. చూచువారు కొట్టినవానికి చప్పట్లు కొట్టుదురు గాని, ఎత్తినవాడు నేలమీద మోకాళ్లు గీరుకొనియుండును. మరియు పుస్తకపు నియమము ప్రకారము ఆటగాండ్లు వరుసగా స్థలములు మారవలెను. ముందు నిలిచినవాడు వెనుకకు పోవలెను, వెనుకవాడు ముందుకు రావలెను. ఎవనికిని ముందు వరుస శాశ్వతము కాదు.

మన సంఘములను గూర్చి ఒకసారి తలంచుడి. భారము మోయు పని ఒక్కరిదే, మాటలాడు పని ఒక్కరిదే, ముందు బల్లమీద కూర్చుండు పని కొన్ని ఇండ్లవారిదే. ఒకరి భారములు ఒకరు మోయవలెనని గలతీయులకు వ్రాయబడిన ఆజ్ఞ (6:2) మనకు కంఠస్థమే. ఆ పిల్లలకు ఆ వాక్యము తెలియదు. అయినను పాలు పిండు వంతులలో వారు దానిని నెరవేర్చిరి.

అపొస్తలుడైన పౌలు ఆటలను చూచి ముఖము త్రిప్పుకొనినవాడు కాడు. ఆయన పదునెనిమిది నెలలు నివసించిన కొరింథునకు సమీపముననే రెండేండ్లకొకసారి గొప్ప పందెములు జరుగుచుండెను. గెలిచినవానికి వాడిపోవు ఆకుల కిరీటము పెట్టెడివారు. పౌలు ఆ పరుగును, ఆ మిత జీవనమును, ఆ కిరీటమును విశ్వాసులకు పాఠముగా మార్చెను. తిమోతికి వ్రాసినప్పుడు సైతము దేహసాధన లాభము స్వల్పమనెను గాని, శూన్యమనలేదు. ఆ స్వల్పమును నేను సున్న చేసితిని.

ఇక మంచము సంగతి. కాలు విరిగినవాడు ఇంటిలో పడి దిగులుపడుచున్నాడని, ఆ స్నేహితులు నలుగురు ప్రతి సాయంకాలము వచ్చి, అతనిని నులకమంచముతోనే ఎత్తి, చెరువు కట్ట క్రిందికి మోసికొనిపోవుచుండిరి. వాని నోటికి ఈల ఇచ్చి, ఆట తీర్పరిగా నియమించిరి. ఆడలేనివాడును జట్టులోనివాడే అని వారు ఎంచిరి. ఆట ముగిసిన తరువాత అందరు ఒకే బిందెలోని నీళ్లు ఒకే చెంబుతో త్రాగుదురు. మా తాత దినములలో ఊరి బావిలో మనవారు చేద వేయుటకు వీలులేకుండెను. ఒక వల కట్టినంత మాత్రమున కులము చచ్చినదని నేను చెప్పను. చీకటి పడగానే ఎవరి వీధికి వారు పోవుదురు. పెండ్లి పంక్తులు ఇంకను వేరే. అయినను ఆ చెంబును నా కన్నులార చూచితిని.

నేను పోయి వచ్చిన రెండవ ఆదివారము, మొదటి కీర్తన పాడుచుండగా వాకిట ఏదో అలికిడి ఆయెను. తిరిగి చూడగా, ఆ నలుగురు మంచము మోసికొని ద్వారమునొద్ద నిలిచియుండిరి. అతడే తీసికొనిపొమ్మని అడిగెనట. నలుగురిలో ఇద్దరు మన సంఘమువారు కారు. వారు చెప్పులు విడిచి, లోపలికి రావచ్చునో రాకూడదో తెలియక తడబడుచుండిరి. మనవారు ఒకరినొకరు చూచుకొనిరి. అప్పుడు ముందు చాపమీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, చాప చుట్టి ప్రక్కకు లాగి, "ఈడ దించండి నాయనా" అనెను. ఆ దినము నేను సిద్ధపరచుకొనిన ప్రసంగము చేయలేకపోతిని. మార్కు రెండవ అధ్యాయము చదివి కూర్చుంటిని.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. జనుల గుంపు అడ్డమై, ద్వారము గుండ లోపలికి పోలేక, పైకప్పు విప్పి పరుపుతో అతనిని దించిరి. యేసు ప్రభువు వారి విశ్వాసము చూచెనని అక్కడ వ్రాయబడియున్నది. ఇక్కడ ఒక ప్రశ్న ఉన్నది. ఆ మోసినవారి విశ్వాసమెట్టిది? వారు ఏ ఉపదేశము నేర్చుకొనిరి? గ్రంథము చెప్పదు. వారి పేర్లు కూడ చెప్పదు. ఒక్కటి మాత్రము తేటగా ఉన్నది: ఆ రోగి ఒంటరిగా రాలేదు, రాలేడు. ప్రభువు వారి విశ్వాసమును వారి భుజములమీద చూచెను. మరియు అడ్డమై నిలిచినది ఎవరు? వాక్యము వినుటకు వచ్చినవారే. ఈ మాట నన్ను బహుగా గ్రుచ్చినది.

అయితే ఆట జట్టే సంఘమా? బంతి చాలునా? అట్లు నేను చెప్పను. ఆ నలుగురు మంచమును ప్రభువు ఎదుట దించగలిగిరి గాని, పాపక్షమాపణ వారి చేతిలో లేదు. ప్రభువు కాళ్లకంటె ముందుగా హృదయమును ముట్టెను. మన సహోదరుడు కూడ, ఆరాధన ముగిసిన తరువాత నన్ను పిలిచి, కాలు కొరకు ప్రార్థించుమని అడుగలేదు. "అయ్యగారూ, మా అన్న మీద నా లోపల ఉండే పగ పోవల్ల. ఎవరో పరాయివాళ్లు నన్ను మోస్తావుండారు. నేను తోడబుట్టినోణ్ణి మోయలేకపోతిని" అనెను. అతని స్నేహితులు ఆ పగను గూర్చి ఏమియు చెప్పియుండలేదు. మోయబడుటయే అతనికి ఉపదేశమాయెను. ప్రేమ పొందినవాడు, ఆ ప్రేమ ఎక్కడనుండి వచ్చుచున్నదో వెదకుచు, ప్రభువు గడపకు వచ్చెను. అన్నతో సమాధానము ఇంకను పూర్తి కాలేదు. కఱ్ఱ ఊతతో రెండుసార్లు అన్న గడప తొక్కి వచ్చెను. రెండవసారి వదిన మజ్జిగ ఇచ్చెనట. అన్న బయటికి రాలేదు.

మరియొక హద్దు కూడ ఉన్నది. ఏ జట్టునకైనను గెలుపు ఆశ ఎక్కువైనప్పుడు బలహీనుడు బరువగును. సంక్రాంతి పోటీలలో బహుమానపు సొమ్ము కొరకు స్నేహితులు తలలు పగులగొట్టుకొనుట మనము చూడలేదా? అందుచేత ఆట మంచి సేవకుడే గాని, ప్రభువు కాడు. ఆడలేనివాడు, గెలిపించలేనివాడు, ఎప్పటికిని మంచము దిగనివాడు కూడ లెక్కలో ఉండు జట్టు ఒకటి లోకమునకు కావలెను. అదే సంఘమై యుండవలసినది.

ఆదివారపు ఆట మాట ఏమని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఎరిక్ లిడెల్ అను స్కాట్లండు పరుగుపందెగానిని గూర్చి మీరు వినియుందురు. 1924లో పారిసు ఒలింపిక్ పోటీలలో 100 మీటర్ల పరుగు తొలి పందెము ఆదివారమున వచ్చినందున ఆయన పరుగెత్తనని నిలిచెను. తరువాత 400 మీటర్లలో 47.6 సెకండ్లకు బంగారు పతకము గెలిచెను. మరుసటి యేడు మిషనెరీగా చీనా దేశమునకు వెళ్లెను. యుద్ధకాలమున, 1943లో, జపాను సైన్యము ఆయనను వెయిషియెను నిర్బంధ శిబిరములో ఉంచెను. అక్కడ తలిదండ్రులకు దూరమైన పిల్లలు అనేకులు. ఆయన వారికి పాఠములు చెప్పెను, ఆటలు ఆడించెను. అయితే ఆదివారము ఆడించలేదు. ఒక ఆదివారము పిల్లలు తమంతట తామే హాకీ ఆడబోయి, తీర్పరి లేనందున కొట్టుకొనిరి. తరువాతి ఆదివారము లిడెల్ తానే మైదానమునకు వచ్చి తీర్పరిగా నిలిచెను. 1945 ఫిబ్రవరిలో, 43 ఏండ్ల వయస్సున, ఆ శిబిరములోనే మరణించెను. తన బంగారు పతకము కొరకు విశ్రాంతి దినమును విడువనివాడు, ఇతరుల పిల్లల కొరకు తన నియమమును ప్రక్కన పెట్టెను. ఆయన మెత్తబడెనని కొందరు తలంచవచ్చును. ఆయన మొదటనుండి ఒక్క ప్రభువునే సేవించెనని నేను తలంచుచున్నాను.

ఇప్పుడు మన సంఘములో ఏమి చేసితిమో చెప్పెదను. పెద్దల కూటములో విషయము పెట్టితిని. ఆదివారపు ఆటకు ఇద్దరు పెద్దలు ఇంకను ఒప్పుకొనలేదు, వారి మనస్సాక్షిని నేను తృణీకరించను. కాని ఒక సంగతికి అందరు ఒప్పుకొనిరి. ఒక్కొక్క పెద్దకు ఆరు ఇండ్లు. ఆదివారము ఆరాధన ముగియగానే ఆ ఆరు ఇండ్లలో ఎవరు రాలేదో చూచి, సాయంకాలము దీపము పెట్టులోగా వారి ఇంటికి పోవలెను. ఎందుకు రాలేదని గద్దించుటకు కాదు, ఏమైనదని అడుగుటకు. దీనికి ఆరుగురి లెక్క అని పేరు పెట్టితిమి.

మేము ఇంకను సరిగా నేర్చుకొనలేదు. గత నెల, తన చాప చుట్టి చోటిచ్చిన ఆ ముసలమ్మయే వరుసగా రెండు ఆదివారములు రాలేదు. ఆమె ఏ పెద్ద లెక్కలో ఉన్నదో ఆ పెద్ద ఊరిలో లేడు. మేమెవరమును గమనింపలేదు. మంచము మోసిన నలుగురిలో ఒకడు, సంఘమువాడు కానివాడు, మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, మనకు చాప తీసి చోటిచ్చిన అవ్వ కనపడలేదే, ఏమైంది?" అని అడిగెను. వెంటనే పోయి చూడగా ఆమె జ్వరముతో ఒంటరిగా పడియుండెను. ఆ పిల్లవాడు నా వెంబడి వచ్చి పొయ్యి ముట్టించెను.

ప్రియులారా, దేవుడు నరుని అడిగిన తొలి ప్రశ్నలలో ఒకటి కయీనును అడిగినది: నీ తమ్ముడెక్కడ అని (ఆదికాండము 4). తొంబదితొమ్మిది ఉండగా ఒకటి తప్పినదని కాపరికి ఎట్లు తెలిసెను? లెక్కించినందున తెలిసెను. ప్రేమ అనునది మొదట లెక్కలో కనబడును. ఈ పత్రిక మూయక ముందు మీ వరుసలో కూర్చుండువారిని మనస్సులో ఒక్కసారి లెక్కించుడి. ఆరవవాడు ఎక్కడ?

ప్రార్థన: మంద కాపరివైన ప్రభువా, తప్పిన ఒక్కదాని కొరకు కొండలు ఎక్కిన నీవు, నాలుగు వీధులు దాటలేని మమ్మును క్షమించుము. మేము ఎరుగని వారి భుజములమీద కూడ నీవు పనిచేయుచున్నావని చూచుటకు మా కన్నులు తెరువుము. నీ ద్వారమునొద్ద మేము అడ్డముగా నిలువక, చాప చుట్టి చోటిచ్చువారమై యుండునట్లు కృప దయచేయుము. ఆమేన్.